రేడియో కంట్రోల్ మోడల్ టర్బైన్ జెట్‌లో హెడర్ ట్యాంక్ ముక్కులో పెట్టొచ్చా? పంపు ఎక్కడ ఉండాలి?

మీరు చెప్పింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. 2.2 మీటర్ల పొడవున్న స్పోర్ట్ జెట్, ఇంధనం లేకుండా 12 కిలోలు, 140 న్యూటన్ల టర్బైన్. సీజీకి (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) కొంచెం ముందు 2.5 లీటర్ల మెయిన్ ట్యాంక్, డక్ట్‌కి అటూ ఇటూ 600 మిల్లీలీటర్ల శాడిల్ ట్యాంకులు రెండు. ముక్కు తేలికగా ఉందని పావు లీటరు హెడర్‌ని (మెయిన్ ట్యాంక్‌కీ పంపుకీ మధ్య ఉండే చిన్న ట్యాంక్) తీసుకెళ్ళి బ్యాటరీల పక్కన పెట్టారు. పంపు మాత్రం "ఇంజన్‌కి దగ్గరుంటే మంచిది కదా" అని టర్బైన్ పక్కన పెట్టారు. లైన్లన్నీ 4 మి.మీ. గొట్టమే. ఫుల్ త్రాటిల్‌లో సన్నటి బుడగలు కనిపిస్తున్నాయి, పోయినసారి నిలువుగా ఎక్కుతుంటే ఇంజన్ ఆరిపోయింది. అందుకని హెడర్ ట్యాంక్ మెయిన్ ట్యాంక్ కన్నా ఎంత ఎత్తులో ఉండాలని అడిగారు.

ఆ ఎత్తు సంగతి ఇప్పటికి పక్కన పెట్టండి. మీ ఇబ్బంది ఎత్తుతో వచ్చింది కాదు, పీల్పుతో వచ్చింది.

పంపుకి రెండు వైపులుంటాయి. ఇంజన్ వైపు అది నెడుతుంది, ట్యాంక్ వైపు పీలుస్తుంది. నెట్టే వైపు గొట్టం కాస్త పొడవైనా, సన్నమైనా పంపు ఇంకొంచెం గట్టిగా నెట్టి సరిపెట్టుకుంటుంది. పీల్చే వైపు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఇంధనాన్ని ముందుకు తోసేది పంపు కాదు, వెంట్ గుండా ట్యాంక్‌లోకి వచ్చే బయటి గాలి ఒత్తిడి. అది ఉన్నంతే ఉంటుంది. లైన్‌లో అడ్డు పెరిగేకొద్దీ పంపు నోటి దగ్గర ఒత్తిడి పడిపోతుంది, కిరోసిన్‌లో కరిగి ఉన్న గాలి బయటికి వచ్చి బుడగలు కడుతుంది. ఏదైనా ఫిట్టింగ్ కాస్త వదులుగా ఉంటే అక్కడి నుంచి కొత్త గాలి కూడా చొరబడుతుంది.

మీ విమానానికే లెక్క వేద్దాం. 140 న్యూటన్ల టర్బైన్ ఫుల్‌లో నిమిషానికి సుమారు 450 మిల్లీలీటర్లు తాగుతుంది. 4 మి.మీ. ఫెస్టో కంపెనీ గొట్టం అంటే బయటి కొలత నాలుగు, లోపల బొరియ 2.6 మి.మీ. మాత్రమే. అంత ఇంధనం ఆ బొరియలోంచి పోవాలంటే మీటరుకి దాదాపు 11 కిలోపాస్కల్ ఒత్తిడి ఖర్చవుతుంది. మీ దగ్గర మెయిన్ ట్యాంక్ నుంచి ముక్కులోని హెడర్‌కి 70 సెం.మీ., అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి పంపు దాకా 1.2 మీటర్లు. మొత్తం 1.9 మీటర్లు, అంతా పీల్చే వైపే. అంటే 20 కిలోపాస్కల్, వాతావరణ పీడనంలో ఐదో వంతు, ఒట్టి గొట్టానికే పోయింది. ఫిట్టింగులు, మూల మలుపులు, క్లంక్ (ట్యాంక్ లోపల మెత్తటి గొట్టం కొసన ఉండే బరువు) ఫెల్ట్, గాలిని ఆపే ఎయిర్ ట్రాప్ సంచి ఇంకా కలపలేదు.

ఇప్పుడు మీరడిగిన ఎత్తు. కిరోసిన్ లీటరు సుమారు 800 గ్రాములు. హెడర్‌ని 10 సెం.మీ. పైకో కిందికో జరిపితే వచ్చే తేడా 0.8 కిలోపాస్కల్. 20 ముందు 0.8 ఏపాటి? అదే లైన్‌ని 6 మి.మీ. గొట్టంతో (లోపల 4 మి.మీ.) మారిస్తే మీటరుకి 2 కిలోపాస్కల్ మాత్రమే పోతుంది. బొరియ ఒకటిన్నర రెట్లు పెరిగితే అడ్డు ఐదో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది, ఎందుకంటే ఆ అడ్డు వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. అందుకే ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. ట్యాంక్ నుంచి పంపు దాకా లైన్ పొట్టిగా, లావుగా, గాలి చొరబడకుండా ఉండాలి. ఆ మూడూ కుదిరాక మిగతావి ఖాళీ ఉన్న చోట పెట్టుకోండి.

కాబట్టి పంపుని టర్బైన్ దగ్గరి నుంచి తీసి హెడర్ పక్కకి తెచ్చేయండి. మధ్యలో ఒక జానెడు గొట్టం చాలు. పంపు తర్వాత టర్బైన్ దాకా 4 మి.మీ. గొట్టం ఎంత పొడవు పోయినా ఫర్వాలేదు. "ఇంజన్‌కి దగ్గరగా" అన్న మీ ఆలోచన వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ పంపు దగ్గరగా ఉండాల్సింది ఇంజన్‌కి కాదు, ఇంధనానికి. విమానం చక్రాల మీద నిలబడ్డప్పుడు పంపు హెడర్ మట్టానికో దానికి కాస్త దిగువనో ఉంటే ఇంకా మంచిది. స్టార్ట్‌కి ముందు అందులో ఎప్పుడూ తడి ఉంటుంది, పొడిగా తిరగదు.

ఇక హెడర్ ముక్కులో ఉండటం. నిలువుగా ఎక్కేటప్పుడు ఆరిపోవడానికి ఒక కారణం ఇక్కడ ఉండొచ్చు. ముక్కు ఆకాశం వైపు ఉన్నప్పుడు హెడర్ మెయిన్ ట్యాంక్‌కి 70 సెం.మీ. పైన ఉంటుంది. ఇంధనం ఆ 70 సెం.మీ. మెట్టు ఎక్కాలి, హెడర్ దగ్గర అదనంగా ఐదున్నర కిలోపాస్కల్ పీల్పు. సరిగ్గా ఫుల్ త్రాటిల్‌లో ఉన్నప్పుడే. టేకాఫ్ పరుగులోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది. 15 కిలోల విమానాన్ని 14 కిలోల థ్రస్ట్ ముందుకి తోస్తుంటే ట్యాంక్‌లో ఇంధనానికి దాదాపు ఒక జీ (భూమి ఆకర్షణంత బలం) వెనక్కి లాగినట్టుంటుంది, ముందున్న హెడర్‌కి చేరడానికి ఎదురీదాలి. అదే హెడర్ మెయిన్ ట్యాంక్‌కి వెనకో పక్కనో ఉంటే ఆ త్వరణం అడ్డు పడదు, వెనకుంటే సాయం కూడా చేస్తుంది. ముక్కు బరువు కోసం బ్యాటరీలు ముందుకి జరపండి, చాలకపోతే సీసం పెట్టండి. హెడర్‌ని బ్యాలెన్స్ బరువుగా వాడొద్దు. నా మటుకు హెడర్ సీజీ దగ్గర, మెయిన్ ట్యాంక్ వెనక గోడకి ఆనుకుని ఉంటేనే మనసు కుదురుగా ఉంటుంది. ఇంకో లాభం, మెయిన్ అయిపోయాక హెడర్ ఖాళీ అవుతున్నా సీజీ కదలదు. ఆ పావు లీటరు ఫుల్‌లో అర నిమిషం పైచిలుకు వస్తుంది, ఐడిల్‌లో రెండు నిమిషాల దాకా. ల్యాండింగ్‌కి మిగిలే ఊపిరి అదే.

సీజీ మాట వచ్చింది కాబట్టి ట్యాంకుల బరువు సంగతీ చూద్దాం. హెడర్ కాకుండా మీ ఇంధనం మొత్తం 3.7 లీటర్లు, అంటే 3 కిలోలు. ఒట్టి విమానంలో నాలుగో వంతు. విమానం ఎగురుతుండగానే తరిగిపోయే బరువు ఇది. మీ మెయిన్ ట్యాంక్ ఒక్కటే తీసుకుందాం. నిండుగా 2 కిలోలు, దాని మధ్యభాగం సీజీకి 8 సెం.మీ. ముందు ఉందన్నారు. నిండా ఉన్నప్పుడు సీజీ 11 మి.మీ. ముందుకి జరుగుతుంది, ఖాళీ అయ్యేసరికి అంతా వెనక్కి వస్తుంది. ఈ సైజు జెట్‌కి 11 మి.మీ. చిన్న సంగతి కాదు. ట్యాంక్ ముందుంటే తోక బరువయ్యేది ఖాళీ అయ్యాక, అంటే ల్యాండింగ్‌లో. వెనక ఉంటే టేకాఫ్‌లో. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే నేల వదిలిన మొదటి క్షణంలోనే ముక్కు లేచిపోతుంది. అందుకే డిజైన్ చేసేవాళ్ళు ట్యాంక్‌ని కాస్త ముందుకే మొగ్గేలా పెడతారు. మీరు సీజీ చూసేటప్పుడు మెయిన్, శాడిళ్ళు ఖాళీగా, హెడర్ నిండుగా పెట్టి చూడండి. అప్పుడు వచ్చేదే మీకు అన్నిటికన్నా వెనక సీజీ, అది ప్లాన్‌లో ఇచ్చిన వెనక హద్దు దాటకూడదు. చక్రాలు మడిచి ఒకసారి, దించి ఒకసారి చూడటం మర్చిపోకండి. ముందు చక్రం వెనక్కి మడిచే విమానాల్లో అదీ కొన్ని మిల్లీమీటర్లు కదుపుతుంది.

శాడిల్ ట్యాంకులు మీరు కుడిది ఎడమదానికి, ఎడమది మెయిన్‌కి, ఇలా గొలుసుగా కలిపారు. బుడగల పరంగా ఇది భేషైన పద్ధతే, గాలి వచ్చే దారి ఒక్కటే కాబట్టి. కానీ వెంట్ ఉన్న కుడి ట్యాంక్ ముందు ఖాళీ అవుతుంది, ఎడమది అప్పటికి నిండుగా ఉంటుంది. 480 గ్రాములు మధ్యగీత నుంచి 12 సెం.మీ. పక్కన. రెక్క మీద 80 సెం.మీ. దూరంలో 70 గ్రాముల సీసం ఒకవైపే కట్టినంత ఒరుగు. ఎగరడం ఎగురుతుంది, కానీ మధ్యలో ఐలరాన్ ట్రిమ్ (పక్కకి ఒరగకుండా పెట్టుకునే సర్దుబాటు) ఎందుకు మారుతోందో అర్థం కాక తల గోక్కుంటారు.

రెండు శాడిళ్ళనీ టీ ముక్కతో కలిపి మెయిన్ ట్యాంక్ వెంట్‌లోకి ఇవ్వండి, ఒక్కోదానికి వేరే వెంట్ పెట్టండి. టీ నుంచి రెండు కాళ్ళూ ఒకే పొడవు ఉండాలి. అయినా రెండూ ఒక్కసారే ఖాళీ కావు. ఒకటి ముందు అయిపోగానే అందులోంచి గాలి రావడం మొదలవుతుంది, రెండోదాంట్లో మిగిలింది అలాగే ఉండిపోతుంది. గాలికి అది సులువు దారి మరి. ఆ గాలి మెయిన్ ట్యాంక్‌లోకి పోతే నష్టం లేదు, పైకి తేలి కూర్చుంటుంది. కొందరు శాడిళ్ళని, మెయిన్‌ని అన్నీ ఒకే టీలో కలిపి నేరుగా హెడర్‌కి ఇస్తారు. అక్కడే చెడుతుంది. ఏ ఒక్క ట్యాంక్ ఖాళీ అయినా మిగతావి నిండుగా ఉండగానే హెడర్‌లోకి గాలి దిగుతుంది. ఎయిర్ ట్రాప్ కొంత ఆపుతుంది, తర్వాత చేతులెత్తేస్తుంది.

ఎయిర్ ట్రాప్ మీద చాలామందికి అతి నమ్మకం. అందులో ఉన్నది సన్నటి రంధ్రాల సంచి. తడిగా ఉన్నంతసేపు ఆ రంధ్రాల్లో ఇంధనం పొర కట్టి ఉంటుంది, దానివల్ల గాలిని ఆపి ఇంధనాన్ని పోనిస్తుంది. కానీ ఆ పొర తట్టుకునే పీల్పుకి హద్దుంది. పంపు మరీ గట్టిగా పీలిస్తే పొర తెగి గాలి లోపలికి వస్తుంది. సంచికి చెత్త పట్టినా అంతే. క్యాన్ నుంచి నింపే లైన్‌లో మంచి ఫిల్టర్ పెట్టడం అందుకే. విమానంలోపలి ఫిల్టర్‌ని మాత్రం పంపు తర్వాత, నెట్టే వైపు పెట్టండి. పంపు ముందు సన్న జల్లెడ పెడితే మనమే పీల్పు పెంచినట్టు.

నాకు జరిగిందొకటి చెప్తాను. ఒక జెట్‌లో సరిగ్గా మీలాగే ఫుల్‌లో బుడగలు. లైన్లు లావువే, పంపు హెడర్ పక్కనే. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు, పొట్టంతా టిష్యూ కాగితంతో తుడిచి చూశాను, పొడిగా ఉంది. రెండు వారాలు పట్టింది నాకు తట్టడానికి: పీల్చే వైపు చిల్లు ఉంటే ఇంధనం బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. చివరికి హెడర్, దాని లైన్లు మొత్తం ఊడదీసి, చివరలు మూసి, సిరంజితో కొంచెం గాలి నింపి బకెట్ నీళ్ళలో ముంచాను. నింపే పోర్ట్‌కి పెట్టిన మూత దగ్గర నుంచి గుండుసూది తలకాయంత బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. గొట్టాన్ని కత్తెరతో కోశాను, కోత ఏటవాలుగా వచ్చింది. పుష్ ఫిట్టింగ్ లోపలి ఓ-రింగ్‌కి గొట్టం ఒకవైపే ఆనింది. బ్లేడుతో నిటారుగా కోసి పెడితే బుడగలు పోయాయి. అప్పటి నుంచి నా పెట్టెలో కత్తెర లేదు. మీరూ ముందు ఆ నింపే మూత చూడండి, అది హెడర్‌కే తగిలించి ఉంటుంది కాబట్టి ఎగిరినంతసేపూ పీల్పులోనే ఉంటుంది.

మెయిన్ ట్యాంక్ లోపల క్లంక్ వెనక గోడకి తగలకుండా ఒక సెంటీమీటరు ఇవతల ఆగాలి. పొడవాటి ట్యాంకుల్లో గట్టిగా ల్యాండ్ అయితే క్లంక్ ముందుకి దొర్లి, మెత్తటి గొట్టం మడిచి అక్కడే చిక్కుకుంటుంది. తర్వాతి ఫ్లైట్‌లో సగం ట్యాంక్ ఉండగానే గాలి పీలుస్తుంది. గొట్టం మధ్యలో చిన్న ఇత్తడి ముక్క వేస్తే అలా మడవదు. ఆ మెత్తటి గొట్టం కిరోసిన్‌లో నాని నాని గట్టిపడుతుంది, సీజన్‌కోసారి మార్చేయండి, చూడటానికి బాగున్నా సరే.

వెంట్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు కానీ చెప్పినంత మటుకు ముఖ్యం. 6 మి.మీ. గొట్టమే వాడండి. ట్యాంక్ పైనుంచి ఒక మెలిక తిప్పి పొట్ట కింద బయటికి తీయండి, లేకపోతే ముక్కు వంచి పెట్టినప్పుడు సైఫన్ పట్టి ఇంధనమంతా నేల మీదికి పోతుంది. గాలి పీల్చే ఇన్‌టేక్‌లకి వెనకగా ఉండాలి, బ్రేకుల మీద కారకూడదు. కొసని ఏటవాలుగా కోసి కోత ముందుకి చూసేలా పెడితే ట్యాంక్‌లో కాస్త ఒత్తిడి నిలుస్తుంది. ట్యాంక్‌ని అంచుల దాకా నింపి ఎండలో వదిలేయకండి. కిరోసిన్ డిగ్రీకి వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది, 20 డిగ్రీలు వేడెక్కితే మీ 3.7 లీటర్లలో 70 మిల్లీలీటర్లు పొంగిపోతాయి. రవాణాలో వెంట్‌కి పెట్టే మూతకి పొడవాటి ఎర్ర రిబ్బన్ కట్టండి. ఆ మూత తీయడం మరిచి ఇంజన్ నడిపిన కెవ్లర్ ట్యాంక్‌ని నేను చూశాను, ఎవరో పిడికిట్లో పట్టి నలిపినట్టుంది.

టర్బైన్ వైపు. పంపు, ఫిల్టర్, చేత్తో తిప్పే షటాఫ్ వాల్వ్, సొలెనాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్), టర్బైన్: ఈ వరస. చేతి వాల్వ్ హ్యాచ్ తీయగానే అందే చోట ఉండాలి, ఇంధనం నింపేటప్పుడు తప్పకుండా మూయాలి. నింపే ఒత్తిడికి ఇంధనం ఆగివున్న పంపు గేర్ల సందుల్లోంచి జారి, సొలెనాయిడ్‌లో ఏ చిన్న నలుసున్నా దాటి టర్బైన్‌లోకి చేరుతుంది. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కితే వెనక నుంచి మంట. అలా తడిసిందని అనుమానం వస్తే ముక్కు పైకెత్తి, తోక వంచి పూర్తిగా కారనిచ్చాకే స్టార్ట్ చేయండి. పక్కన సీఓటూ సిలిండర్ ఉండాలి. పౌడర్‌ది వద్దు, మంటతో పాటు ఇంజన్ కూడా పోతుంది.

4 మి.మీ. గొట్టం టర్బైన్ ముందు నుంచి పోతున్న చోట రెండు అంగుళాలకోసారి బిగించండి. కంప్రెసర్ నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది, వదులుగా ఉన్న ఏ వస్తువునైనా లాక్కుంటుంది. టెయిల్ పైప్ దగ్గరికి ఏ ట్యాంకూ, ఏ లైనూ వద్దు. లోపలి వాయువు 500 డిగ్రీలకి పైనే ఉంటుంది. జెట్ ఏ-1 ఫ్లాష్ పాయింట్‌కి కనీస ప్రమాణం 38 డిగ్రీలు, అంటే వేడి పొట్టలో చిన్న లీకు కూడా అంటుకునే ఆవిరి ఇస్తుంది. ఈసీయూని (టర్బైన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె), రేడియో రిసీవర్‌ని ట్యాంకుల కింద పెట్టొద్దు, పంపు మోటార్ వైర్లు యాంటెనా పక్కన నడపొద్దు.

మీరు చేయాల్సిన పని ఈ వరసలో పెట్టుకోండి. మొదట పంపుని హెడర్ పక్కకి తెచ్చి, పీల్చే లైన్లన్నీ 6 మి.మీ.కి మార్చండి. ఫిట్టింగులు కూడా, లావు గొట్టానికి సన్న నిపుల్ పెడితే ఫలితం ఉండదు. తర్వాత హెడర్‌ని మెయిన్ వెనక్కి జరపండి, శాడిళ్ళ గొలుసు మార్చండి, సీజీ మళ్ళీ చూడండి. పంపు ముందు ఒక జానెడు గొట్టం పారదర్శకంగా, కంటికి కనిపించేలా ఉంచండి. విమానాన్ని గట్టిగా కట్టి, ట్యాంకులు సగం నింపి రెండు నిమిషాలు ఫుల్‌లో నడపండి. మొదట్లో ఒకటీ అరా బుడగ కదిలి పోతే పట్టించుకోవద్దు. ఆగకుండా వరసగా వస్తుంటే ఎగరొద్దు. ముక్కుని 20 డిగ్రీలు ఎత్తి కూడా ఒకసారి చూడండి.

వీలైతే పంపు నోటి దగ్గర ఒక టీ పెట్టి వాక్యూమ్ గేజ్ తగిలించండి. నేను ఫుల్‌లో 5 కిలోపాస్కల్ లోపు ఉంటే తప్ప ఎగరను, అది నా సొంత హద్దు. గేజ్ లేకపోతే ఈసీయూలో పంపు వోల్టేజ్ చూడండి. ఇప్పుడున్న అమరికతో ఫుల్‌లో ఎంత ఉందో ముందే రాసిపెట్టుకోండి, మార్చాక మళ్ళీ రాయండి. ఇక మీదట ప్రతి నాలుగైదు ఫ్లైట్లకోసారి ఆ అంకె చూస్తుండండి. అదే ఆర్పీఎమ్‌కి వోల్టేజ్ మెల్లగా పెరుగుతోందంటే ఫిల్టర్‌కో ఎయిర్ ట్రాప్ సంచికో చెత్త పడుతున్నట్టు. పాత అంకె, కొత్త అంకె రెండూ చెప్పండి, ఇంకా తేడా ఉంటే ఆ నిలువు ఎక్కుడులో ఈసీయూ రికార్డు చేసిన ఆర్పీఎమ్, వోల్టేజ్ కూడా పంపండి, చూసి చెప్తాను.